ఆవు మీథేన్‌కు కళ్లెం: ఏ మార్గం ఏ పాడికి సరిపోతుంది?

సముద్రనాచు 80 శాతం తగ్గిస్తుంది, నిరోధక పొడి 30 శాతం, సుగంధ తైలాల మిశ్రమం 10 శాతం. పాడి ఆవులు వదిలే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు గురించి ఎక్కడ చర్చ జరిగినా ఈ మూడు అంకెలే వరసగా వినిపిస్తాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఎంపిక అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ 80 శాతం వచ్చింది మాంసం కోసం పెంచే కోడెల్లో. 30 శాతం వచ్చింది కొట్టం దాటకుండా, ప్రతి ముద్దలోనూ పొడి కలిసిన మేత తినే అధిక పాల ఆవుల్లో. 10 శాతం కనిపించింది కనీసం నాలుగు వారాలు ఆపకుండా తినిపించాక. పైగా ఇవి దేనిలో శాతాలు? ఆవు రోజంతా వదిలిన మీథేన్‌లోనా, తిన్న కిలో మేతకు లెక్కగట్టిన మీథేన్‌లోనా, ఇచ్చిన కిలో పాలకు పంచిన మీథేన్‌లోనా? ఆవు మేత మానేసినా మొదటి అంకె బ్రహ్మాండంగా తగ్గుతుంది. అది విజయం కాదని ఎవరికైనా తెలుసు, అయినా ప్రకటనల్లో ఆ తేడా కనిపించదు.

అందుకే ఈ మార్గాలను అవి పొట్టలో చేసే పనిని బట్టి, మన పాడి నడిచే తీరును బట్టి పోల్చాలి. శాతాలు ఆ తర్వాత.

మిగిలిపోయే హైడ్రోజన్

పశువైద్యులు రుమెన్ అనే మొదటి పొట్ట పెద్ద ఆవులో 100 నుంచి 200 లీటర్ల దాకా పడుతుంది. లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు, వేడి 39 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది, మేత గంటల తరబడి నానుతుంది. అక్కడి ద్రవం ఒక్క మిల్లీలీటరులో 1,000 కోట్లకు పైగా బ్యాక్టీరియా, లక్షల్లో ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు, వాటితోపాటు శిలీంధ్రాలు, ఆర్కియా అనే మరో తెగ సూక్ష్మజీవులు బతుకుతాయి. గడ్డిలోని పీచును అరిగించే ఎంజైములు ఆవుకు లేవు, ఆ పని వీటిది. పీచు, పిండి పదార్థాలు పులిసి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారతాయి. ఆవుకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. పాలలోని వెన్నకు ఎసిటిక్ ఆమ్లం ముడిసరుకు. పాలచక్కెరకు కావలసిన గ్లూకోజును కాలేయం ప్రధానంగా ప్రొపియోనిక్ ఆమ్లం నుంచి తయారుచేసుకుంటుంది.

ఎసిటిక్ ఆమ్లం తయారైనప్పుడల్లా హైడ్రోజన్ మిగిలిపోతుంది. చిక్కంతా దానితోనే. అది పోగుపడితే పులియడం మందగిస్తుంది, పీచు అరగదు, ఆవు మేత తగ్గిస్తుంది. ఆర్కియా ఆ హైడ్రోజన్‌ను అందుకుని, నాలుగు హైడ్రోజన్ అణువులకు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు చొప్పున కలిపి మీథేన్ చేస్తాయి. వీటిలో మీథనోబ్రెవిబాక్టర్ అనే ప్రజాతిదే పైచేయి. మీథేన్‌లో 95 శాతం దాకా నోటి నుంచి, త్రేన్పులతో, ఊపిరితో బయటికి వస్తుంది. వెనక నుంచి వస్తుందన్నది హాస్యానికి పనికొచ్చే మాట మాత్రమే. తిన్న మేతలోని మొత్తం శక్తిలో 2 నుంచి 12 శాతం, మామూలుగా 6 శాతం అటూఇటూగా, ఇలా గాలిలో కలిసిపోతుంది.

ప్రొపియోనిక్ ఆమ్లం సంగతి దీనికి తలకిందులు. అది తయారయ్యేటప్పుడు హైడ్రోజన్ ఖర్చవుతుంది. కాబట్టి మేతలో కలిపే ఏ పదార్థమైనా మూడింట్లో ఏదో ఒకటి చేయాలి: హైడ్రోజన్ పుట్టడం తగ్గించాలి, దాన్ని మీథేన్‌గా మార్చే దారిని మూయాలి, లేదా దానికి మరో గమ్యం చూపాలి. దారి మూసి గమ్యం చూపని మందు ఏదో ఒక చోట ఇబ్బంది పెడుతుంది. అమ్మేవారిని మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇదే: మీ సరుకు వాడితే హైడ్రోజన్ ఎక్కడికి పోతుంది?

దారి మూసేవి: 3-ఎన్ఓపీ, సముద్రనాచు

3-నైట్రాక్సీప్రొపనాల్, పొట్టిగా 3-ఎన్ఓపీ, మీథేన్ తయారీలో చివరి మెట్టు దగ్గర పనిచేసే ఎంజైమును అడ్డుకుంటుంది. బొవేర్ పేరుతో అమ్ముడవుతున్నది ఇదే. మేతలోని కిలో పొడి పదార్థానికి (అంటే మేతలో నీరు పోగా మిగిలే భాగానికి) 60 మిల్లీగ్రాముల చొప్పున, అంటే ఆవుకు రోజుకు గ్రాము పైచిలుకు సరిపోతుంది. 2021లో బ్రెజిల్, చిలీ, 2022లో యూరోపియన్ యూనియన్ దీనికి అనుమతి ఇచ్చాయి. 2024లో కెనడా, ఆ తర్వాత అమెరికా తలుపులు తెరిచాయి. మీథేన్‌ను తగ్గించే పదార్థాల్లో ఇంత విస్తారంగా పరీక్షకు నిలిచింది మరొకటి లేదు. పాడి ఆవుల్లో 30 శాతం తగ్గింపు అనేది నమ్మదగిన అంకె.

అయితే ఆ అంకె వెనక షరతులున్నాయి. ఇది పొట్టలో కొద్ది గంటల్లోనే విచ్ఛిన్నమైపోతుంది. రోజంతా కొద్దికొద్దిగా తినే మిశ్రమ మేతలో సమంగా కలిసినప్పుడే పూర్తి ఫలితం ఇస్తుంది. పాలు పితికేటప్పుడు దాణాలో కలిపి పెట్టి, తర్వాత మేతకు తోలితే, ఫలితం పొద్దు తిరిగేలోపే కరిగిపోతుంది. మేతలో పీచు పెరిగేకొద్దీ దీని ప్రభావం తగ్గుతుంది. అంటే ఎండుగడ్డి మీద ఆధారపడిన పశువుల్లో, మీథేన్ ఎక్కువగా పుట్టే చోటే, ఇది తక్కువగా పనిచేస్తుంది. ఆపేసిన కొద్ది రోజులకే మీథేన్ మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇంకో మాట తేల్చుకోవాలి. 20 కిలోల పొడి పదార్థం తినే ఆవు రోజుకు సుమారు 400 గ్రాముల మీథేన్ వదులుతుంది. అందులోని శక్తి 22 మెగాజౌళ్లు, దాదాపు 7 కిలోల పాలలో ఉండే శక్తితో సమానం. 30 శాతం ఆదా అయితే 2 కిలోల పాలు అదనంగా రావాలి కదా అని కొందరు కాగితం మీద లెక్క చూపిస్తారు. పొట్ట ఆ లెక్కను పాటించదు. 3-ఎన్ఓపీ తిన్న ఆవులను కొలిచినప్పుడు, అంతకుముందు దాదాపు శూన్యంగా ఉన్న హైడ్రోజన్ వాయువు రోజుకు ఒక గ్రాము, రెండు గ్రాములు త్రేన్పులో బయటికి వచ్చింది. ఎసిటిక్ ఆమ్లం వాటా కొంత తగ్గి ప్రొపియోనిక్ వాటా పెరిగింది. పాల దిగుబడి మాత్రం చాలా పరీక్షల్లో ఉన్నచోటే ఉంది. పాలు పెరుగుతాయన్న ఆశతో దీన్ని కొనకండి. మీథేన్ తగ్గించినందుకు ఎవరో ఒకరు, పాల సంస్థో ప్రభుత్వమో కార్బన్ పథకమో, డబ్బు చెల్లించే చోటే దీని ఖర్చుకు అర్థం ఉంటుంది.

భద్రత గురించి వాదోపవాదాలు వేడిగానే సాగాయి. 2024 చివర్లో బ్రిటన్‌లో ఇది వాడిన పాలను కొందరు మరుగుదొడ్లలో పారబోసి, ఆ వీడియోలను సామాజిక మాధ్యమాల్లో పెట్టారు. ఆమోదించిన మోతాదులో ఆవుకు, పాలు తాగేవారికి సురక్షితమేనని యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2021లోనే తేల్చింది. అదే నివేదిక, పొడిని నేరుగా ముట్టుకునే పనివారి కళ్లకు, చర్మానికి, ఊపిరికి జాగ్రత్త అవసరమని కూడా చెప్పింది. పారబోసినవారిని చూసి నవ్వుకున్నవారు సైతం 2025 శరదృతువులో డెన్మార్క్ నుంచి వచ్చిన ఫిర్యాదులను తేలిగ్గా తీసుకోలేకపోయారు. అక్కడ 50 కంటే ఎక్కువ ఆవులున్న సాధారణ పాడిపరిశ్రమలు మేత ద్వారా మీథేన్ తగ్గించాలని నిబంధన పెట్టారు. పొడి వాడకం మొదలయ్యాక తమ ఆవులు మేత తగ్గించాయని, నీరసించాయని కొందరు రైతులు చెప్పగా అధికారులు పరిశీలన చేపట్టారు. నా మటుకు నాకు దీన్నుంచి తేలేది ఒకటే: ప్రయోగశాలలో కలిపే యంత్రం, మన దగ్గర కలిపే యంత్రం ఒకటి కావు. మొత్తం మందకు ఒక్కసారే మొదలుపెట్టకుండా ఒక గుంపుతో మొదలుపెట్టి, తొట్టిలో మిగిలిన మేతను రోజూ తూచి చూడాలి.

ఇక సముద్రనాచు. ఆస్పరాగాప్సిస్ అనే ఎరుపు రంగు నాచులో బ్రోమోఫాం ఉంటుంది. అదీ మీథేన్ తయారీ ఆఖరి మెట్లనే అడ్డుకుంటుంది. ఆస్ట్రేలియాలో మొదలైన ఈ పరిశోధన, 2021లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కోడెల్లో 80 శాతానికి పైగా తగ్గింపు చూపించడంతో ప్రపంచమంతా మారుమోగింది. అదే విశ్వవిద్యాలయం 2019లో పాడి ఆవుల మీద ఇదే ప్రజాతికి చెందిన మరో నాచుతో చేసిన ప్రయోగం అంతగా ప్రచారం కాలేదు. ఎక్కువ మోతాదులో మీథేన్ 67 శాతం తగ్గింది, నిజమే. మేత 38 శాతం తగ్గింది, పాలు 11 శాతానికి పైగా పడిపోయాయి. సగం మోతాదులో తగ్గింపు 26 శాతం దగ్గరే ఆగింది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్‌లో చేసిన పరీక్షలో కొన్ని ఆవుల పాలలో, మూత్రంలో బ్రోమోఫాం కనిపించింది, పరిశీలించిన ఆవుల పొట్ట గోడల్లో మార్పులు కనిపించాయి. నాచుతో పాలలో అయోడిన్ కూడా పెరుగుతుంది. బ్రోమోఫాం నిలవలో ఆవిరైపోయే గుణమున్నది కాబట్టి, ఎండబెట్టి బస్తాల్లో దాచిన నాచుకు నెలల తర్వాత అంత శక్తి ఉండదు. నూనెలో నానబెట్టి నిలవచేసే పద్ధతులు ఇందుకే వచ్చాయి.

మాంసపు కోడెల పెంపకందారులు సముద్రనాచు గురించి ఆలోచించవచ్చు. పాడి రైతు ఇప్పటికి ఆగడమే మంచిది. 3-ఎన్ఓపీతో పోలిస్తే దీనిలో మోతాదు స్థిరంగా ఉండదు, పాల భద్రత మీద ప్రశ్నలు మిగిలే ఉన్నాయి, మేత తగ్గే ప్రమాదం ఎక్కువ. సహజమైనది కాబట్టి మంచిదన్న మాట ఇక్కడ పనికిరాదు. రెండింటిలోనూ పనిచేసేది ఒక రసాయనమే, నాచులో అది ఎంత ఉందో ప్రతిసారీ కొలవాలి, అంతే తేడా.

గమ్యం మార్చేవి, హైడ్రోజన్‌ను తగ్గించేవి

మేతలో కలిపే నైట్రేట్ అనే లవణం నేరుగా హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. రసాయన సమీకరణం ప్రకారం 100 గ్రాముల నైట్రేట్ పూర్తిగా అమ్మోనియాగా మారితే 26 గ్రాముల మీథేన్ తగ్గాలి. పాడి ఆవుల్లో 16 శాతం దాకా తగ్గింపు కొలిచారు. కానీ దారి మధ్యలో నైట్రైట్ పేరుకుంటే అది రక్తంలోకి చేరి, హీమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆవు గంటల్లో ప్రాణాలు వదలవచ్చు. మేతలో మాంసకృత్తులు తక్కువగా ఉండి, ఎలాగూ యూరియా కలిపే చోట, యూరియాకు బదులుగా, వారాల తరబడి మెల్లగా అలవాటు చేస్తూ ఇస్తేనే దీనికి తావు. మేత కలిపే పని చేతుల మీద నడిచే చోట దీని జోలికి పోవద్దు.

నూనెగింజలు, కొవ్వులు పాత మార్గం, ఇప్పటికీ గట్టి మార్గం. మేతలోని పొడి పదార్థంలో కొవ్వు 1 శాతం పెరిగితే మీథేన్ దాదాపు 4 శాతం తగ్గుతుంది. కొవ్వు రుమెన్‌లో పులియదు కాబట్టి దాని నుంచి హైడ్రోజన్ రాదు. ప్రోటోజోవా కూడా కొంత తగ్గుతాయి. వాటి ఒంటికి అంటుకుని బతికే ఆర్కియా వాటితోపాటే పలచబడతాయి. అవిసె గింజలు, పత్తి గింజలు, ఆవ చెక్క వంటివి దీనికి వాడుకోవచ్చు. మొత్తం కొవ్వు 6, 7 శాతం దాటితే పీచు అరుగుదల దెబ్బతిని పాలలో వెన్న శాతం పడిపోతుంది. పాల ధర వెన్న మీద ఆధారపడే చోట ఇది వెంటనే జేబుకు తగులుతుంది. ఇంకో సంగతి: ఆ నూనె అడవి నరికిన నేల మీద పండిందైతే, ఆవు నోటి దగ్గర తగ్గిన దానికంటే అక్కడ పెరిగింది ఎక్కువ కావచ్చు.

టానిన్లు అనే వగరు పదార్థాలు ఉన్న మేతమొక్కల విలువ మీథేన్‌లో తక్కువ, నత్రజనిలో ఎక్కువ. మాంసకృత్తులను పట్టి ఉంచి, నత్రజని మూత్రంలోకి పోకుండా పేడలోకి మళ్ళిస్తాయి. మూత్రంలోని యూరియా త్వరగా అమ్మోనియాగా ఎగిరిపోతుంది, నేలలో నైట్రస్ ఆక్సైడ్‌గా మారే దారి కూడా అదే. 100 ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే నైట్రస్ ఆక్సైడ్ 273 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది, మీథేన్ 27 రెట్లు. కాబట్టి పచ్చికలో మాంసకృత్తులు మరీ ఎక్కువగా ఉండే చోట టానిన్లు పనికొస్తాయి. మేతలో మాంసకృత్తులే చాలని చోట అవి నష్టం చేస్తాయి.

మిగతావి చకచకా చూద్దాం. సుగంధ తైలాల మిశ్రమాలు 10 శాతం వరకు తగ్గిస్తాయి, ప్రమాదం లేదు, మందలను బట్టి ఫలితం మారుతుంది. ఈస్టు పొట్టలోని ఆమ్లత్వాన్ని నిలకడగా ఉంచడానికి మంచిది, మీథేన్ కోసమైతే డబ్బు దండగ. మోనెన్సిన్ అనే మేతలో కలిపే యాంటీబయాటిక్ మీథేన్‌ను కొద్ది శాతమే, అదీ తరచు కొన్నాళ్లే తగ్గిస్తుంది. యూరోపియన్ యూనియన్ 2006 నుంచి దీన్ని పెరుగుదల కోసం మేతలో కలపనివ్వడం లేదు. గుర్రాలున్న చోట ఈ దాణా వాటికి అందిందంటే ప్రాణాంతకం.

సూక్ష్మజీవులనే మార్చేస్తే?

తక్కువ మీథేన్ వదిలే ఆవు పొట్టలోని ద్రవాన్ని ఎక్కువ వదిలే ఆవుకు ఎక్కిస్తే సరిపోదా అని అడుగుతారు. 2010లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగం దీనికి సూటిగా సమాధానం చెప్పింది. రెండు ఆవుల రుమెన్‌లను 95 శాతానికి పైగా ఖాళీ చేసి, ఒకదానిలోది మరొకదానిలో పోశారు. ఒక్క రోజులోనే రెండు పొట్టల ఆమ్లత్వం ఎవరి పాత స్థాయికి వారికి చేరింది. ఒక ఆవులో సుమారు రెండు వారాలకు, మరోదానిలో సుమారు రెండు నెలలకు బ్యాక్టీరియా కూర్పు కూడా దాదాపు మొదటికి వచ్చేసింది. ఆవు తన లాలాజలంతో, మేత పొట్టలో నిలిచే వ్యవధితో, పొట్ట పరిమాణంతో ఎవరిని ఉంచాలో ఎవరిని వెళ్లగొట్టాలో తేలుస్తుంది. మీథేన్ తగ్గిస్తామని చెప్పి అమ్మే మంచి బ్యాక్టీరియా సీసాల విషయంలో నా అనుమానానికి ఇదే ఆధారం.

మినహాయింపు ఒకటుంది, అది చాలా నేర్పుతుంది. సుబాబుల్ ఆకులో మిమోసిన్ అనే విషం ఉంటుంది. ఆస్ట్రేలియాలో పశువులు అది తిని జబ్బుపడేవి, హవాయిలో మేకలు మాత్రం నిశ్చింతగా తినేవి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త ఆ తేడా పొట్టలోని సూక్ష్మజీవులదని పట్టుకున్నారు. 1980ల మొదట్లో హవాయి నుంచి వాటిని తెచ్చి ఆస్ట్రేలియా పశువులకు ఎక్కిస్తే జబ్బు పోయింది, ఒక పశువు నుంచి మరో పశువుకు అవి వాటంతట అవే పాకాయి కూడా. ఆ బ్యాక్టీరియాకు తర్వాత ఆయన పేరు మీదే సినర్జిస్టిస్ జోన్సీ అని పేరు పెట్టారు. అది ఎందుకు నిలిచింది? ఆ విషాన్ని తిని బతికేవారు అక్కడ ఎవరూ లేరు, ఇల్లు ఖాళీగా ఉంది. హైడ్రోజన్ విషయంలో ఇల్లు ఖాళీ లేదు. ఆర్కియా అందులో తరతరాలుగా కాపురముంటున్నాయి. కొత్తవారు వాటిని గెంటాలంటే హైడ్రోజన్‌ను వాటికంటే సమర్థంగా వాడగలగాలి, రుమెన్‌లో అలాంటి పోటీదారు ఇంతవరకు బయటపడలేదు.

దూడ సంగతి వేరు. పుట్టినప్పుడు దాని రుమెన్ చిన్నది, పనిచేయనిది. సూక్ష్మజీవులు తల్లి నాలుక నుంచి, పొదుగు నుంచి, నేల నుంచి ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఆర్కియా కూడా మొదటి రోజుల్లోనే వస్తాయి. పుట్టినప్పటి నుంచి 14 వారాలు 3-ఎన్ఓపీ ఇచ్చి ఆపేసిన దూడల్లో ఏడాది వయసు వచ్చేదాకా మీథేన్ 10 నుంచి 17 శాతం తక్కువగా ఉన్నట్టు ఒక ప్రయోగం చూపించింది. ఈనిన తర్వాత కూడా అది నిలుస్తుందని రుజువైతే, జీవితాంతం తినిపించే ఖర్చు తప్పుతుంది. ఇప్పటికైతే దీన్ని ఆశగానే చూడాలి, పద్ధతిగా కాదు.

ఎంపిక పెంపకం మీద నాకు ఎక్కువ నమ్మకం. 750 హోల్‌స్టీన్ ఆవుల మీద డెన్మార్క్ పరిశోధకులు 2018లో వెలువరించిన లెక్క ప్రకారం, ఆవుకూ ఆవుకూ మీథేన్‌లో ఉన్న తేడాలో 21 శాతం ఆవు జన్యువుల వల్ల, 13 శాతం సూక్ష్మజీవుల వల్ల. న్యూజిలాండ్‌లో తక్కువ మీథేన్ కోసం తరాలుగా ఎంపిక చేసిన గొర్రెల పొట్టలు చిన్నవి, మేత వాటిలో తొందరగా కదిలిపోతుంది. కెనడాలో 2023 నుంచి మీథేన్ సామర్థ్యాన్ని బట్టి ఆబోతులను ఎంచుకునే వీలు వచ్చింది. పాల నమూనా మీద పరారుణ కాంతి పరీక్ష చేసి మీథేన్‌ను అంచనా కడతారు. ఫలితం ఏడాదికి ఒకటీ అరా శాతమే. కానీ అది పేరుకుంటుంది, రోజూ కలిపే పని లేదు, మేతకు తోలే పశువులకూ అంతే పనికొస్తుంది. జాగ్రత్త ఒక్కటే: తక్కువ తినే ఆవు, పీచును తక్కువగా అరిగించే ఆవు కూడా తక్కువ మీథేన్ ఆవుగా కనిపిస్తుంది. ఆబోతుకు ఇచ్చిన మీథేన్ సూచిక దేన్ని మెచ్చుకుంటోందో అడిగి తెలుసుకోవాలి.

టీకా కోసం ప్రయత్నాలు న్యూజిలాండ్‌లోనూ ఇతర చోట్లా ఏళ్లుగా సాగుతున్నాయి. లాలాజలంతో దిగే ప్రతిరక్షకాలు రుమెన్‌లోని ఆర్కియాను పట్టాలన్నది ఆలోచన. కొనదగ్గ టీకా ఇంకా రాలేదు.

పొడి అక్కర్లేని లెక్క

ఇప్పుడు పైన వదిలేసిన ప్రశ్నకు వద్దాం: దేనిలో శాతం? రోజుకు 10 కిలోల పొడి పదార్థం తిని 8 కిలోల పాలిచ్చే ఆవు సుమారు 210 గ్రాముల మీథేన్ వదులుతుంది, కిలో పాలకు 26 గ్రాములు. 20 కిలోలు తిని 28 కిలోలిచ్చే ఆవు 400 గ్రాములు వదులుతుంది, కిలోకు 14. మొదటి ఆవుకు ఏ పొడీ ఆ తేడాను పూడ్చలేదు. లేత దశలో కోసిన పశుగ్రాసం, సమతూకపు దాణా, ఖనిజ లవణాలు, నిత్యం నీరు, సకాలంలో చూలు కట్టడం పూడ్చగలవు. అమెరికాలో 1944తో పోలిస్తే 2007లో కిలో పాలకు కార్బన్ భారం 37 శాతానికి దిగింది. ఆవుల సంఖ్య 2.56 కోట్ల నుంచి 92 లక్షలకు తగ్గింది, పాలు మాత్రం 5,300 కోట్ల కిలోల నుంచి 8,400 కోట్ల కిలోలకు పెరిగాయి. అందులో మీథేన్ నిరోధకాల పాత్ర లేదు.

ఈ వాదనలో ఒక బొక్క ఉంది, దాన్ని దాచకూడదు. కిలోకు మీథేన్ తగ్గినా, ఆవుల సంఖ్య తగ్గకపోతే వాతావరణానికి చేరే మొత్తం పెరగవచ్చు. పాలు పెరిగాయి కాబట్టి మరో పది ఆవులు కొందాం అనుకుంటే లెక్క తిరగబడుతుంది.

పెయ్యల సంగతి మరీ నిర్లక్ష్యానికి గురవుతోంది. మూడేళ్లకు ఈనే పెయ్యను మంచి మేపుతో రెండేళ్లకే ఈనేలా చేస్తే, ఒక్క చుక్క పాలివ్వకుండా తినే ఏడాది మిగులుతుంది. రోజుకు 8 కిలోల మేత, 160 గ్రాముల మీథేన్ అనుకుంటే ఏడాదికి 58 కిలోలు. 305 రోజుల పాడి కాలమంతా ఒక ఆవుకు 3-ఎన్ఓపీ తినిపించి ఆదా చేసేది 37 కిలోలు. 100 ఆవుల మందలో ఏటా 25 పెయ్యలు కొత్తగా చేరతాయనుకుంటే, ముందుగా ఈనడం వల్ల 1,450 కిలోలు, పొడి వల్ల 3,660 కిలోలు తగ్గుతాయి. పొడిదే పైచేయి. కానీ మొదటిది ఐదింట రెండు వంతుల పని చేస్తూ డబ్బు మిగులుస్తుంది, రెండోది డబ్బు అడుగుతుంది. అందుకే మొదటిది చేయకుండా రెండోదానికి పోవడం నాకు అర్థం కాదు.

పేడ గుంటను మరవొద్దు

పేడను ఎండగా, కుప్పగా ఉంచే చోట మీథేన్ తక్కువ. నీళ్లతో కడిగి గుంటలో నెలల తరబడి నిలవచేస్తే, గాలి సోకని ఆ బురదలో రుమెన్‌లో జరిగిందే మళ్ళీ జరుగుతుంది. వేడి వాతావరణంలో ఇంకా జోరుగా. అలాంటి గుంట ఉన్నవారు దాణాలో ఏం కలపాలా అని ఆలోచించే ముందు గుంట మీద మూత గురించి, గోబర్ గ్యాస్ గురించి, కనీసం ఎండాకాలానికి ముందే ఖాళీ చేయడం గురించి ఆలోచించాలి. ఇక్కడ పుట్టే మీథేన్‌ను పట్టి మండించవచ్చు, వంటకో కరెంటుకో వాడవచ్చు. ఆవు త్రేన్పును అలా పట్టలేం. గొట్టాలు, మూతలు కారకుండా చూసుకోవాలి. కారే ప్లాంటు మీథేన్‌ను ఉత్పత్తి చేసి మరీ గాలిలోకి వదులుతుంది. గ్యాసు తీశాక మిగిలిన రొచ్చులోని నత్రజని అమ్మోనియాగా సులభంగా ఎగిరిపోతుంది, దాన్ని నేల మీద చల్లకుండా మట్టిలోకి దించాలి.

ఎవరికి ఏది

ఆవులు కొట్టంలోనే ఉండి, యంత్రంతో కలిపిన మిశ్రమ మేత తింటూ, రోజుకు 25 కిలోలకు పైగా పాలిస్తుంటే, పెయ్యలు, పునరుత్పత్తి లెక్కలు చక్కబడి ఉంటే, 3-ఎన్ఓపీ మొదటి ఎంపిక. ఖర్చు భరించేవారు ఉండాలన్న షరతు మరవొద్దు. భరించేవారు లేకపోతే నూనెగింజలతో కొవ్వును 5 శాతం దాకా తీసుకెళ్లడం చాలు. గోబర్ గ్యాస్ రెండు సందర్భాల్లోనూ.

రోజంతా పచ్చికలో మేసే మందకు ఇప్పటికి మంచి పొడి లేదు. పొట్టలో నెలల తరబడి నెమ్మదిగా కరిగే బిళ్ళల మీద పని జరుగుతోంది, అవి వచ్చేదాకా ఎంపిక పెంపకం, పచ్చిక లేతగా ఉన్నప్పుడే మేపడం, మాంసకృత్తులు ఎక్కువైన పచ్చికలో టానిన్ల మొక్కలు నాటడం, ఇంతే. ఆవు మూతికి మాస్కులు తగిలించే ఆలోచనలూ ఉన్నాయి. వాటిని తగిలించి, చార్జింగు చూసుకునే మనిషి దొరికితే ఆ మనిషిని ఎద గమనించే పనిలో పెట్టడం లాభం.

రెండు మూడు పశువులతో, ఎండుగడ్డి ప్రధానంగా నడిచే పాడికి వీటిలో ఏ సంచీ అక్కర్లేదు. పచ్చిమేత, పప్పుజాతి పశుగ్రాసం, ఖనిజ మిశ్రమం, ఈతకూ ఈతకూ మధ్య ఎడం తగ్గించడం: కిలో పాలకు మీథేన్‌ను సగానికి దించే అవకాశం ఉన్నది ఇక్కడే, అందుకు ఏ మందూ ఇంత పని చేయలేదు.

ఏదైనా కొనేముందు అమ్మేవారి నుంచి మూడు విషయాలు కాగితం మీద అడగండి: ప్రయోగం పాడి ఆవుల మీద జరిగిందా, ఎన్ని వారాలు సాగింది, ఆవులు తిన్న మేత ఎంత మారింది. నాలుగు వారాలకే ఆగిన ప్రయోగాన్ని పక్కన పెట్టేయండి. మొదలుపెట్టడానికి రెండు వారాల ముందు నుంచే రోజూ వేసిన మేత, మిగిలిన మేత, వెన్న శాతం, పాలలో యూరియా రాసి ఉంచుకోండి. మీథేన్‌ను కొలిచే పరికరం మన దగ్గర ఉండదు, ఆవు మేత తగ్గించిందో లేదో చెప్పడానికి మాత్రం తూకం, నోటు పుస్తకం చాలు. మిగిలిన మేత ఒక్కసారిగా పెరిగితే ఆ రోజే ఆపి, పశువైద్యుణ్ణి పిలవండి.